సంచుల దగ్గర ఎవరు కూర్చుంటారు?

మొన్న ఆదివారం మా వీధి వాళ్ళంతా కార్తీక వనభోజనాలకి భావనపాడు వెళ్దామని మాట్లాడుకున్నారు. ఆటోలు ఎన్ని, గుండిగలు ఎవరివి, పులిహోర ఎవరు కలుపుతారు, అన్నీ లెక్క తేలాయి. చివర్లో ఒకాయన అడిగాడు: "అందరం నీళ్ళల్లోకి దిగితే సామాన్ల దగ్గర ఎవరుంటారు?" ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇంకొకాయన, "మా అమ్మ ఉంటుంది కదండీ, ఆవిడెలాగూ దిగదు" అన్నాడు. ఆ అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిడా ఏమీ అనలేదు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. "ఈవిడ అమెరికా వెళ్ళొచ్చిన కాణ్ణించి మాట మారింది" అని వెనక ఎవరో అన్నారు. నిజమే, మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. ఇది యాత్రా కథనం కాదు, ఫొటోలు ఉండవు. ఇది దెబ్బలాట. ముందే చెప్తున్నాను, నచ్చనివాళ్ళు వచ్చే వారం చింతకాయ పచ్చడి టపా రాస్తాను, అది చదువుకోండి.

మా మరిది అట్లాంటాలో ఉంటాడు. ఈ జూన్‌లో మా అత్తమ్మనీ, మా ఆయన్నీ, నన్నూ రప్పించుకుని, వాళ్ళ నలుగురితో కలిపి ఏడుగురం ఫ్లోరిడాలో ఓడ ఎక్కాం. వారం రోజుల కరీబియన్ క్రూయిజ్. హరిశ్చంద్రపురంలో ఇంటి ముందు కూర్చుని, మన స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌ల పెట్టెలు లెక్కపెట్టుకునే నాకు, పన్నెండు అంతస్తుల ఓడ అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఓడ బాగుంది. తిండి బాగుంది. వండక్కర్లేని ఏడు రోజులు నా పెళ్ళయ్యాక అవే మొదటివి. మరిదికి జన్మంతా రుణపడి ఉంటాను, అందులో సందేహం లేదు. కానీ రుణం వేరు, న్యాయం వేరు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఈ ఓడ రోజుకొక దీవి దగ్గర ఆగుతుంది. పొద్దున్న ఆగితే సాయంత్రం లోపు బయల్దేరిపోతుంది. ఆ ఆరేడు గంటల్లో దిగి చూసొచ్చే షికారునే షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఇది టిక్కెట్లో ఉండదు, విడిగా కొనుక్కోవాలి. ఓడవాళ్ళే అమ్ముతారు, బయటివాళ్ళూ అమ్ముతారు. బయట చవక. కానీ ఒక మెలిక ఉంది. ఓడవాళ్ళు అమ్మిన షికారుకి వెళ్ళి ఆలస్యమైతే మనకోసం ఓడ ఆగుతుంది. బయటివాళ్ళ దగ్గర కొనుక్కుని ఆలస్యమైతే ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా దగ్గర సావో టోమే దీవిలో ఇలాగే విడిగా షికారుకెళ్ళిన ఎనిమిది మందిని వదిలేసి ఓడ వెళ్ళిపోయింది. వాళ్ళు దేశాలు పట్టుకుని తిరిగితే గానీ మళ్ళీ ఓడ దొరకలేదు. ప్రపంచమంతా వార్తల్లో చూసింది. అంచేత ఓడవాళ్ళ దగ్గర మనం కట్టే ఎక్కువ డబ్బు సగం షికారుకి, సగం భయానికి.

ఈ షికార్లన్నిటి మీదా ఒక మాట అచ్చేసి ఉంటుంది: కుటుంబమంతటికీ. బొమ్మలో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని నీళ్ళల్లో గెంతుతుంటారు. ఆ బొమ్మలో సంచులుండవు. చెప్పులుండవు. తువ్వాళ్ళు, చిన్నోడి ఇన్‌హేలర్, పెద్దదాని ఫోను, మా ఆయన కళ్ళజోడు, అత్తమ్మ బీపీ మాత్రలు, ఇవేవీ ఉండవు. మరి అవన్నీ ఎక్కడున్నట్టు? బొమ్మ బయట ఒక ఆడమనిషి ఒళ్ళో ఉన్నట్టు.

మొదటి దెబ్బ అసలు దిగకముందే పడుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఫోను చేతులు మారుతూ ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ చూస్తారు, పిల్లలు చూస్తారు. జలపాతమా, సొరంగమా, తిరండి చేపలా? పిల్లలు కేకలేస్తారు. నిర్ణయం అయిపోతుంది. అప్పుడు మరిది తల తిప్పి, "వదినా, మీకు ఏదైనా పర్వాలేదు కదా?" అంటాడు. ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంటుంది. అది అడగడం కాదు, తెలియజెయ్యడం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగారో! ఏ ఊళ్ళో ఇల్లు కట్టాలి, అబ్బాయిని ఏ కాలేజీలో వెయ్యాలి. నీకు పర్వాలేదు కదా? పర్వాలేదండీ.

మొదట జమైకాలో ఓచో రియోస్ అనే ఊరు. అక్కడ డన్స్ రివర్ జలపాతం ప్రసిద్ధి. దాదాపు ఆరు వందల అడుగుల పొడవున మెట్లు మెట్లుగా సముద్రంలోకే దిగుతుంది. జనం కింద ఇసుక దగ్గర మొదలుపెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా ఆ నీళ్ళలోంచి పైకి ఎక్కుతారు. ముందు గైడు, వెనక ముప్పై మంది. నిజంగా చూడముచ్చటైన సంగతి. కానీ చేతులు పట్టుకోవాలంటే చేతులు ఖాళీగా ఉండాలి కదా! అంచేత మావాళ్ళు ఐదుగురూ గొలుసులో కలిశారు. ఏడు సంచులతో నేనూ అత్తమ్మా పక్కనున్న మెట్ల దారిలో పైకెక్కి, ఒక బల్ల మీద కూర్చున్నాం. లాకర్లు అద్దెకి ఉన్నాయి. "అనవసరంగా డాలర్లు ఎందుకు, మీరెలాగూ ఉంటారు కదా" అన్నారు మా ఆయన. మొత్తం మీద మా ఇద్దరి ధర ఒక లాకరు అద్దె. అదీ మిగిల్చాం.

మూడు గంటలు కూర్చున్నాం. చెట్ల సందుల్లోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, నీళ్ళు కనిపించవు. అత్తమ్మకి డెబ్బై రెండేళ్ళు. ఉద్దానంలో పుట్టిన మనిషి. కొబ్బరి, జీడి, పనస తోటల్లో పొద్దుట్నుంచి పొద్దుగూకే వరకూ నడిచిన కాళ్ళు. నాకంటే గట్టిగా మెట్లెక్కింది. ఒక గంటయ్యాక అడిగింది: "ఒలే కోడలా, ఈ సంచులకేటి కాళ్ళున్నాయా ఏటే, పారిపోడానికి?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఊళ్ళో సముద్రం ఉండీ ఎప్పుడూ ఒడ్డునే కూకున్నాను. ఇక్కడికొచ్చి ఏరు కూడా ఒడ్డునే కూకుని సూడాలా?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకు పట్టలేదో తర్వాత చెప్తాను.

మర్నాడు కేమన్ దీవుల్లో జార్జ్ టౌన్. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి రావు. దూరంగా లంగరేస్తే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి దింపుతారు. అత్తమ్మకి అది చూడగానే వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఆయన కుర్రతనంలో రంగం వెళ్ళి, 1942లో యుద్ధానికి అందరితో పాటు నడిచొచ్చినవాడు. మన తీరంలో స్టీమర్లు దూరంగా ఆగితే, మసూలా పడవల్లో కెరటాలు దాటి వెళ్ళి ఎక్కేవారట. "ఇలగే, అచ్చం ఇలగే" అంటూ పడవలో కూర్చుంది. రంగాన్ని ఇప్పుడు యాంగాన్ అంటారని మా మనవలకి తెలుసు గానీ, వాళ్ళ ముత్తాత అక్కడినుంచి నడిచొచ్చాడని తెలియదు.

మావాళ్ళ ప్లాను తిరండి చేపలతో నీళ్ళల్లో నిలబడటం. బయట ఒకతని దగ్గర చవకగా కొన్నారు. మళ్ళీ సంచులు నా వైపు వస్తున్నాయి. అప్పుడు చెప్పాను: "ఇవాళ మేమిద్దరం రాం. సంచులు మీరే మొయ్యండి. మేం ఊరు చూసుకుని మూడుకల్లా రేవులో ఉంటాం." మా ఆయన మొహం చూడాలి! "తెలియని దేశం, భాష రాదు, ఇద్దరూ ఆడవాళ్ళు, ఏమన్నా అయితే?" అన్నారు. నేను బి.ఏ. తెలుగు చదివినదాన్నే, కానీ ఎగ్జిట్, టాయిలెట్, హౌ మచ్ తెలుసు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటూ తోటికోడలు ఇచ్చిన నలభై డాలర్లు కొంగున ముడేసుకున్నాను. ఆ పిల్ల, "అక్కా, నేనూ మీతో వస్తే బాగుండు" అని చెవిలో అంది. ఆ మాట మర్చిపోకండి, దానికి మళ్ళీ వస్తాను.

ఏం చూశామని అడుగుతారేమో. రేవు పక్కనే, రోడ్డు వారన జాలర్లు చేపలు కోసి అమ్ముకుంటున్నారు. అంతే. అందులో విశేషమేమీ లేదు, మన ఊళ్ళల్లో రోజూ ఉండేదే. కానీ అత్తమ్మ అక్కడే ఆగిపోయింది. వంజరానికి అన్నలా ఉన్న పొడుగాటి చేపని ఒకతను కోస్తున్నాడు. పేగులు నీళ్ళల్లోకి విసిరితే బారెడు వెండి చేపలు ఎగబడుతున్నాయి. అత్తమ్మ ముందుకెళ్ళి, అచ్చ తెలుగులో, "ఎంత బాబూ?" అంది. అతను వేళ్ళు చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి తన వేళ్ళు చూపించింది. అతను నవ్వాడు. కొనేది లేదు, వండేది లేదు, ఓడలోకి తీసుకెళ్ళనివ్వరు కూడా. అయినా ఐదు నిమిషాలు బేరమాడారు. ఆఖర్న ఆవిడ తన చిన్న సంచిలోంచి పలాస జీడిపప్పు గుప్పెడు తీసి అతని చేతిలో పోసింది. అతను నోట్లో వేసుకుని బొటనవేలు ఎత్తాడు. ఆ తర్వాత ఒక మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని, గంట సేపు పడవల్ని చూశాం. వారం రోజుల క్రూయిజ్‌లో అత్తమ్మ ఇంటికొచ్చాక ఊళ్ళో అందరికీ చెప్పుకున్న సంగతి ఇదొక్కటే. జలపాతం గురించి చెప్పలేదు. ఏం చెప్తుంది, చూస్తే కదా!

ఇక భద్రత సంగతి. రెండున్నరకే మేం రేవులో ఉన్నాం. మావాళ్ళు లేరు. మూడయింది. మూడుంబావయింది. ఆఖరి పడవ మూడున్నరకి. నాకు చేతులు చల్లబడ్డాయి. పాస్‌పోర్టులన్నీ ఓడ గదిలో ఉన్నాయి. అత్తమ్మ పైకి ఏమీ అనకుండా "నరసింహా, నరసింహా" అంటోంది. మూడూ ఇరవై ఐదుకి ఐదుగురూ తడిబట్టలతో పరిగెత్తుకుంటూ వచ్చారు. జరిగిందేమిటంటే, ఎండాకాలంలో ఫ్లోరిడాలో గడియారం గంట ముందుకి జరుపుతారు. జమైకా, కేమన్ దీవుల్లో జరపరు. ఓడ ఫ్లోరిడా టైమే పాటిస్తోంది. దిగేముందు "ఓడ టైమే చూసుకోండి" అని మైకులో పదిసార్లు చెప్పారు. మావాళ్ళ ఫోన్లు ఒడ్డుకి రాగానే తెలివిగా దీవి టైముకి మారిపోయాయి. ఇంకా గంట ఉందనుకుంటూ నింపాదిగా జ్యూసు తాగుతున్నారట. పక్కన కూర్చున్న ఓడ ప్రయాణికుడెవరో చెప్తే పరుగందుకున్నారు. నా చేతికి మా పెళ్ళినాటి హెచ్.ఎం.టి. గడియారం ఉంది. అది తనంతట తాను ఏ దేశం టైముకీ మారదు.

ఇది వాళ్ళని ఎగతాళి చెయ్యడానికి చెప్పడం లేదు. "ఆడవాళ్ళు విడిగా వెళ్తే ప్రమాదం" అనే మాట ఎంతవరకు నిజమో మీరే తేల్చుకోండని చెప్తున్నాను. ఎవరికి ఎప్పుడు ఆలస్యమవుతుందో చెప్పలేం. మగవాళ్ళకైతే అది పొరపాటు, మనకైతే అది రుజువు.

ఆ రాత్రి ఓడ పైఅంతస్తులో గొడవైంది. "అమ్మని బలవంతంగా ఎండలో తిప్పావు" అన్నారు మా ఆయన. "అమ్మ ఏమందో అడిగారా?" అన్నాను. "ఇన్ని లక్షలు పోసి తమ్ముడు తీసుకొస్తే ఇలా వేరుపడితే బాగుంటుందా?" అన్నారు. అప్పుడు అత్తమ్మ అంది: "ఒరే, డబ్బు నా సిన్న కొడుకుది. కాళ్ళు నాయి." దాంతో సభ ముగిసింది.

మూడో దీవి మెక్సికోలో కోజుమెల్. నేనూ తోటికోడలూ ముందే షరతు పెట్టాం. సముద్రపు ఒడ్డుకే వెళ్దాం, కానీ సంచుల దగ్గర వంతులు. గంటకి ఒకరు, పెద్దవాళ్ళు నలుగురూ. అత్తమ్మకీ పిల్లలకీ వంతు లేదు. మొదటి వంతు మా ఆయనది. నమ్ముతారా, ఆ గంటలో ఆయన మూడుసార్లు లేచి నిలబడ్డారు. నీళ్ళవైపు చూశారు, గడియారం చూసుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు. వంతు అయ్యాక నాతో ఒక్క మాట అన్నారు: "గంట ఇంత పొడుగుంటుందా?"

మన ఉద్దానం సముద్రం మనిషిని రానివ్వదు. మోకాలి లోతుకి వెళ్ళకుండానే కాళ్ళకింద ఇసుక లాగేస్తుంది. కోజుమెల్ పడమటి ఒడ్డున నీళ్ళు చెరువులా ఉన్నాయి. అత్తమ్మ చీరతోనే నడుంలోతు దాకా వెళ్ళి, మనవరాలి భుజం పట్టుకుని నిలబడింది. ఏమీ అనలేదు. చాలాసేపటి దాకా బయటికి రాలేదు. అంతే.

ఇప్పుడు నిద్రపట్టని రాత్రి సంగతి. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది అత్తమ్మ కాదు, మా అమ్మ. పదమూడేళ్ళ క్రితం ఒక కార్తీక ఆదివారం అందరం బారువ వెళ్ళాం. లైట్‌హౌస్ చూశాం, తోటల్లో వండుకున్నాం, పిల్లలతో నీళ్ళల్లో ఆడాం. మా అమ్మ ఒక కొబ్బరిచెట్టు కింద చాప మీద కూర్చుని గిన్నెలకీ, చెప్పులకీ, నా మెళ్ళో గొలుసుకీ కాపలా కాసింది. ఆ గొలుసు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది నేనే. "నువ్వెలాగూ రావు కదమ్మా" అన్నది నేనే. ఆవిడ ఆరోజు ఏ రంగు చీర కట్టుకుందో నాకు గుర్తులేదు, ఎందుకంటే ఆవిడ ఏ ఫొటోలోనూ లేదు. ఏడాది తిరగకుండా కిడ్నీలు పాడయ్యాయని తేలింది. ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత వారానికి రెండుసార్లు డయాలిసిస్, మంచం, ఆస్పత్రి. సముద్రం మళ్ళీ చూడలేదు. సముద్రానికి యాభై అడుగుల దూరంలో కూర్చోబెట్టి, ఆవిడకి సముద్రం చూపించామనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అంచేత ఈ దెబ్బలాట మగవాళ్ళతో మాత్రమే కాదు. సంచి మొదట అమ్మ ఒళ్ళో పెట్టేది చాలాసార్లు కూతురే, కోడలే. మనం అత్తల ఒళ్ళో పెడతాం. రేపు మన ఒళ్ళో పెడతారు. తోటికోడలు నా చెవిలో అన్న మాట గుర్తుందా? చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, డాలర్లు సంపాదిస్తోంది. ఆమె కూడా "నేనూ వస్తే బాగుండు" అని గొంతు తగ్గించే అంది. దేశం మారితే పోయే జబ్బు కాదిది.

నాతో వాదించేవాళ్ళు మూడు మాటలంటారు. మూడిటికీ జవాబు చెప్తాను.

ఒకటి, "పెద్దవాళ్ళకి ఓపిక ఉండదు, వాళ్ళే కూర్చుంటామంటారు." నిజంగా కూర్చోవాలనిపిస్తే కూర్చోనివ్వండి. కానీ నీడలో, సముద్రం కనిపించే చోట, చేతులు ఖాళీగా కూర్చోనివ్వండి. విశ్రాంతి వేరు, కాపలా వేరు. కాపలా ఉన్నవాళ్ళు కునుకు కూడా తియ్యలేరు. ఓపిక లేని మనిషికి ఏడు సంచులు అప్పగించడం ఏ రకం దయో నాకర్థం కాలేదు.

రెండు, "పిల్లల సంతోషమే తల్లి సంతోషం." ఈ మాట నేనూ వందసార్లు అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం. పిల్లలు గెంతుతుంటే చూడటం సంతోషమే. కానీ మేం కూర్చున్న బల్ల మీంచి పిల్లలు కనిపించలేదని చెప్పాను కదా! కనిపించని సంతోషాన్ని కూడా మా ఖాతాలో రాసెయ్యకండి.

మూడు, "వారం రోజులు వంట లేదు, అది చాలదా?" వంట తప్పించారు, నిజమే. కానీ గుర్తుపెట్టుకోవడం ఎవరూ తప్పించలేదు. ఎవరి మాత్ర ఎప్పుడు, ఎవరి తువ్వాలు ఏది, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఈ వంట బుర్రలో నడుస్తూనే ఉంది. దానికి పొయ్యి అక్కర్లేదు.

ఇది ఈనాటి సంగతి కూడా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీ బయల్దేరి, 1831లో తిరిగొచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర మనకి పాఠం. వెంట తల్లి, భార్య సహా వంద మంది దాకా పరివారం. దారిలో ఊళ్ళు, ధరలు, సత్రాలు అన్నీ ఎంత వివరంగా రాశారో! ఆ ఆడవాళ్ళు ఏం చూశారో, ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే మాత్రం భూతద్దం కావాలి. మరో అర్ధ శతాబ్దం లోపే పోతం జానకమ్మ గారు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళొచ్చి, తను చూసిందంతా రాసి 1876లో అచ్చు వేయించారు. మద్రాసు తెలుగు ఇల్లాలు! డిగ్రీలో మాకు మొదటాయన పేరు చెప్పారు, రెండో ఆవిడ పేరు చెప్పలేదు. చూసినవాళ్ళు రాస్తారు, కాపలా కాసినవాళ్ళ గురించి ఎవరూ రాయరు.

ఇంకొక్క సంగతి. మూడు దీవులు తిరిగాం గానీ అక్కడ మనుషులెవరని మాలో ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. జమైకాకి మన దేశం నుంచి కూలీలతో మొదటి ఓడ 1845 మే 10న చేరింది. 1917 దాకా 36 వేలకు పైగా మనుషుల్ని అలా చెరుకు తోటలకి తీసుకెళ్ళారు. అంతకు ముందే 1838లో గయానాకి మొదలైంది. మద్రాసు రేవు నుంచి కరీబియన్ దీవులకి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ఓడ దిగినవాళ్ళే. వాళ్ళకి సాయంత్రం ఓడ తిరిగి రాలేదు. ఇప్పుడు ఓడ కంపెనీలు కొన్ని దీవుల్నే కొనుక్కుంటున్నాయి, అద్దెకి తీసుకుంటున్నాయి. బహామాస్‌లో కోకోకే, హాఫ్ మూన్ కే, కాస్టవే కే అలాంటివే. అక్కడ ఊరుండదు, సంత ఉండదు, చేపలు కోసేవాడు ఉండడు. ఇసుక కూడా ఓడదే. అలాంటి చోట అత్తమ్మ ఎవరితో బేరమాడుతుంది? మా ఇద్దరికీ దొరికిన గంట ఏ ప్యాకేజీలోనూ లేదు, అందుకే అది మాది.

"ఈ అమెరికా కబుర్లు మాకెందుకు?" అంటారేమో. మీ దాకా వచ్చేసింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నై వైపు క్రూయిజ్ తిప్పారు. ఆ ఓడ 1990లో కట్టింది, మనదాకా రాకముందు కరీబియన్‌లోనే తిరిగింది. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. మన మూలపేటలో పోర్టు పనులు మీరు చూస్తూనే ఉన్నారు. రేపో మాపో మన పిల్లలు మనల్నీ ఓడెక్కిస్తారు. ఓడెక్కకపోయినా అరసవల్లి, శ్రీకూర్మం, తేలినీలాపురం కొంగలు, భావనపాడు ఇసుక ఎటూ ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా సంచి మాత్రం అదే.

అంచేత నేను అడిగేవి ఎక్కువేం కాదు. ఎక్కడికి వెళ్ళాలో తేల్చే ముందు ఇంట్లో పెద్దావిణ్ణి మొదట అడగండి. "పర్వాలేదు కదా" అని కాదు, "నీకేం చూడాలనుంది?" అని. ఆవిడ మొదటిసారి "నాకేముంది" అంటుంది. రెండోసారి అడగండి. సంచుల దగ్గర వంతులు వేసుకోండి, మొదటి వంతు ఇంటి యజమానిది. లాకరు ఉన్నచోట ఆ నాలుగు డబ్బులూ పారెయ్యండి. అసలు సగం సామాను తీసుకెళ్ళకండి. అందరూ కలిసి వెళ్ళడమంటే అందరూ ఒకే పని చెయ్యడం కాదు. రెండు జట్లుగా వెళ్ళి, టైముకి ఒకచోట కలుసుకున్నా కుటుంబం కుటుంబమే. ఫొటో తీసే ముందు ఎవరు లేరో లెక్కపెట్టండి.

వచ్చే ఆదివారం భావనపాడు వెళ్తున్నాం. ఆ అరుగు మీది పెద్దావిణ్ణి నిన్న సాయంత్రం వెళ్ళి అడిగాను. మొదట "నాకేటుందమ్మా" అంది. రెండోసారి అడిగితే కొంచెంసేపు ఆగి, "కెరటం తగిలేచోట కూకుంటాను, ఎవులైనా సెయ్యి పట్టుకుంటే" అంది. ఎవరు పట్టుకోవాలో ఆవిడ కొడుక్కి చెప్పాను. సామాన్ల దగ్గర మొదటి గంట మా ఆయన కూర్చుంటానన్నారు. ఆయనకి అనుభవం ఉంది.